ఆ రోజు దాని రంగేంటి?

మా ఆఫీసులో నాకన్నా పదేళ్ళు పెద్దాయన ఒకాయన ఉన్నారు. మేమందరం గురువుగారు అంటాం. కోడ్ రివ్యూలో ఆయన పేరు కనబడితే కుర్రాళ్ళకి గుండెల్లో రాయి పడుతుంది. ఆయన మొన్న దీపావళి మర్నాడు మా ఇంటికి కాఫీకొచ్చారు. వచ్చినవాళ్ళందరూ మా హాల్లో టీవీ వంక చూస్తారు గానీ, ఆయన తిన్నగా అద్దాల బీరువా దగ్గరికెళ్ళారు. అందులో నేను నాలుగు నెలల శనాదివారాలు ధారపోసి చేసిన కేటలీనా ఉంది. 1/72 స్కేలు. అసలు విమానం రెక్కలు 104 అడుగులు, నా బొమ్మకి మూరెడు.

"బావుందోయ్. ఇది ఏ రోజుది?" అన్నారు.

ఏ కంపెనీది అనో, ఎంతయింది అనో అడుగుతారనుకున్నా. "1942 ఏప్రిల్ 4 అండీ. బర్చల్ నడిపిన విమానం" అన్నాను కాస్త గర్వంగా. స్టాండు మీద ఇత్తడి రేకు మీద చెక్కించాను కూడా.

ఆయన ఇంకోసారి వంగి చూసి, "అయితే ఎరుపేదీ?" అన్నారు.

అంతే. నా నాలుగు నెలలూ ఆ ఒక్క మాటతో బగ్ లిస్టులో చేరిపోయాయి.

కేటలీనా ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది ఫ్లయింగ్ బోట్. అంటే చక్రాల బదులు కింద తొట్టెలు తగిలించిన విమానం కాదు, దాని పొట్టే పడవ. సముద్రం మీదో, చెరువులోనో నేరుగా దిగుతుంది. రన్‌వే అక్కర్లేదు. నెమ్మదిగా పోతుంది గానీ గంటల తరబడి గాల్లో ఉండగలదు. అందుకే రెండో ప్రపంచయుద్ధంలో సముద్రం మీద కాపలాకి దీన్ని వాడారు.

లెనార్డ్ బర్చల్ కెనడా వాయుసేన అధికారి. 413 స్క్వాడ్రన్. స్కాట్లండు ఉత్తరాన షెట్లాండ్స్‌లోని సల్లమ్ వో నుంచి ఆ స్క్వాడ్రన్‌ని సింహళంలోని కొగ్గలకి పంపారు. అక్కడికి చేరిన రెండు రోజులకే, 1942 ఏప్రిల్ 4న, ఆయన గస్తీకెళ్ళి సాయంత్రం పూట లంకకి దక్షిణంగా వస్తున్న జపాను విమానవాహక నౌకల దళాన్ని చూశారు. రేడియోలో కబురు పంపిస్తుండగానే జీరో ఫైటర్లు విమానాన్ని కూల్చేశాయి. లోపల ఉన్న 9 మందిలో 6 మంది బతికి జపానువాళ్ళకి ఖైదీలయ్యారు. ముగ్గురు పోయారు. ఆ కబురు వల్లే మర్నాడు, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద దాడి జరిగేసరికి రేవులోంచి చాలా ఓడలు బయటికెళ్ళిపోయి ఉన్నాయి. బర్చల్‌కి సింహళ రక్షకుడు అనే పేరొచ్చింది. ఆయన 2004లో పోయారు.

ఇంతకీ కాకినాడోడికి ఈ గొడవంతా ఎందుకంటారా? ఏప్రిల్ 6న కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా జపాను విమానాలు బాంబులేశాయి. అవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీంచి వచ్చాయి. (బర్చల్ చూసిన దళం వేరు, ఇది వేరు. అది నగుమో దళం, కొలంబో వైపు వెళ్ళింది. ఇది ఒజావా దళం, బంగాళాఖాతంలో తిరిగింది. రెంటినీ కలిపేసి చెప్పడం మనవాళ్ళకి అలవాటు, నేనూ చాన్నాళ్ళు అలాగే చెప్పాను.) మా మామ్మకి అప్పుడు పదకొండేళ్ళు. జగన్నాథపురంలో ఉండేవారు. చిన్నప్పుడు మాకు అన్నం పెడుతూ "ఎర్ర బొట్టు పెట్టుకున్న విమానం" కథ చెప్పేది. ఆ రాత్రే ఎడ్లబండి కట్టించుకుని పెద్దాపురం పారిపోయారట. నాకు విమానాల పిచ్చి పట్టింది అక్కడే అనుకుంటా.

సరే, ఎరుపు సంగతికొద్దాం.

బ్రిటిష్ విమానాల మీద గుండ్రటి గుర్తు ఉంటుంది చూడండి, రౌండెల్ అంటారు. మధ్యలో ఎర్ర చుక్క, చుట్టూ తెలుపు, దాని చుట్టూ నీలం. పొట్ట పక్కన వేసేదానికి బయట ఒక పసుపు చుట్టు కూడా. జపాను గుర్తేమో ఒట్టి ఎర్ర గుండ్రం. ఆకాశంలో అర సెకనులో, చెమట కళ్ళతో, ప్రాణభయంతో చూసేవాడికి ఎరుపు కనిపిస్తే చాలు, కాల్చేస్తాడు. అందుకని అమెరికావాళ్ళు 1942 మేలోనే తమ తెల్ల నక్షత్రం మధ్యలో ఉన్న ఎర్ర చుక్క తీసేశారు. మన వైపున్న బ్రిటిష్ విమానాలకీ ఆ తర్వాతి నెలల్లో ఎరుపు పోయింది. 1943 నాటికి ఇక్కడి విమానాలు నీలం, తెలుపు గుర్తులతోనే కనిపిస్తాయి.

నేను చదివింది ఇదే. "ఆసియాలో ఎరుపు తీసేశారు" అన్న ఒక్క వాక్యం. అది నిజమే! కానీ ఏప్రిల్ 4 నాటికి కాదు. బర్చల్ విమానం మీద ఎరుపు ఉండాలి. పైగా బయటి పసుపు చుట్టు వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే దాన్ని సన్నం చేసింది 1942 మధ్యలో. నేను వేసిన నీలం తెలుపు గుర్తులు, మద్రాసు పక్కన రెడ్ హిల్స్ చెరువులో దిగే 240 స్క్వాడ్రన్ కేటలీనాకి ఏడాది తర్వాతయితే సరిపోయేవి. (నెల్లూరు మీదుగా చెన్నై వెళ్ళేవాళ్ళకి ఆ చెరువు తెలిసే ఉంటుంది. ఇప్పుడది చెన్నైకి మంచినీళ్ళిచ్చే చెరువు. ఒకప్పుడు అక్కడ కేటలీనాలు దిగేవంటే నమ్మబుద్ధి కాదు.) అంటే నేను వేసిన గుర్తులు తప్పుడు గుర్తులు కావు. సరైన కోడే, తప్పుడు రిలీజులో పెట్టాను.

అప్పట్నుంచి నాకు ఒకటే ధ్యాస. నాకు తెలుసు అనుకున్న ప్రతి రంగునీ "ఇది నీకెలా తెలుసు?" అని అడగడం మొదలెట్టాను. అడిగితే ఏమైందో చెప్తాను. ఇది విమానాల పిచ్చి లేనివాళ్ళకి కూడా పనికొస్తుందని నా నమ్మకం.

మొదటి సాక్షి, కిట్ పెట్టెలో వచ్చే కాగితం. చక్కగా రంగు నంబర్లేసి, బాణాలు పెట్టి ఇస్తాడు. నేను కొన్న పెట్టెలో కాగితం అలాంటిదే. ఎక్కడ్నుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్తే, దానికి ఆధారం ఒక పుస్తకంలో ఎవరో వేసిన బొమ్మ. ఆ బొమ్మకి ఆధారం అంతకు ముందు అమ్మిన డెకాల్ షీటు. ఆ డెకాల్ షీటుకి ఆధారం ఇంకో పుస్తకం. నలుగురు చెప్పారు కదా అనుకుంటాం. చెప్పింది ఒక్కడే, మిగతా ముగ్గురూ కాపీ కొట్టారు. మనం నెట్‌లో దొరికిన జవాబుని ప్రొడక్షన్‌లో పెట్టేసి, తర్వాత మన కోడ్‌ని చూపించి అదే కరెక్టని వాదించినట్టు.

రెండో సాక్షి, సర్కారు ఉత్తర్వులు. ఇవి గట్టివి. బ్రిటన్ సముద్ర గస్తీ విమానాలకి పైన రెండు రంగులు చెప్పారు: ఎక్స్‌ట్రా డార్క్ సీ గ్రే, డార్క్ స్లేట్ గ్రే. కింద స్కై. ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. డార్క్ స్లేట్ గ్రే పేరులో గ్రే ఉంది గానీ కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. స్కై అంటే నీలం కాదు, బాతుగుడ్డు పెంకులాంటి లేత పచ్చ. మనం వేరియబుల్స్‌కి పేర్లు పెట్టినట్టే పెట్టారు మహానుభావులు.

తర్వాత 1941 రెండో సగం నుంచి కోస్టల్ కమాండ్‌లో పక్కలకీ పొట్టకీ తెలుపు రావడం మొదలైంది. దీని వెనక కారణం తెలిశాక నాకు రంగుల మీద గౌరవం పెరిగింది. ఆకాశం వెలుగుగా ఉంటుంది కాబట్టి దాని ముందు ఏ విమానమైనా కింద నుంచి నల్లటి మచ్చలా కనిపిస్తుంది. జలాంతర్గామి మీద కాపలా ఉన్నవాడు ఆ మచ్చ చూడగానే అరుస్తాడు. అర నిమిషంలో అది నీళ్ళలోకి మునిగిపోతుంది. విమానానికి తెల్లరంగు వేస్తే ఆ మచ్చ కాస్త ఆలస్యంగా కనబడుతుంది. ఆ కొద్ది సెకన్ల కోసమే ఆ తెలుపు. అదే పసిఫిక్‌లో అమెరికావాళ్ళు రాత్రిపూట దాడులకి ఇవే కేటలీనాలకి మాసిన నలుపు పూశారు, బ్లాక్ క్యాట్స్ అని పేరు. ఒకటే విమానం. ఎవడి కంట పడకూడదో, ఏ వేళప్పుడు పడకూడదో దాన్నిబట్టి ఒకచోట తెలుపు, ఒకచోట నలుపు.

అయితే ఉత్తర్వు అనేది స్పెసిఫికేషన్ మాత్రమే. ప్రొడక్షన్‌లో ఏముందో అది చెప్పదు. మనకి తెలీనిదా! ఉత్తర్వు వచ్చిన రోజే ప్రతి విమానానికీ రంగు మార్చరు. డబ్బా ఉండాలి, ఖాళీ ఉండాలి, దాన్ని ఒడ్డుకి లాగాలి. అమెరికాలో తయారైన విమానాలకి అక్కడి కంపెనీల పెయింటే, బ్రిటిష్ రంగుకి దగ్గరగా ఉన్నది వేసేవారు. దగ్గరగా అంటే ఎంత దగ్గర? ఆ తర్వాత ఉప్పునీళ్ళు, ఎండ, రంగు రేగిపోయినచోట చేతికందిన డబ్బాతో అతుకులు. అవేవీ ఏ ఉత్తర్వులోనూ ఉండవు.

మూడో సాక్షి, ఫోటో. ఫోటో అబద్ధం చెప్పదంటారు. నలుపు తెలుపు ఫోటో చెప్పే అబద్ధాలు ఎవడూ చెప్పలేడు. అప్పట్లో ఆర్థోక్రోమాటిక్ అని ఒక రకం ఫిల్ము ఉండేది. దానికి ఎరుపు కనబడదు. అందులో ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తేలిపోతుంది. పసుపు కూడా నల్లబడుతుంది. రౌండెల్ చుట్టూ ఉన్న పసుపు చుట్టు కొన్ని ఫోటోల్లో ముదురు గీతలా కనిపించేది ఇందుకే. అది చూసి పసుపు లేదని తీర్పిచ్చినవాళ్ళున్నారు. పాంక్రోమాటిక్ ఫిల్ములో కథ వేరు. ఫిల్టరు పెడితే మళ్ళీ వేరు.

మన భాషలో చెప్పాలంటే ఇది వెనక్కి తిప్పలేని ఫంక్షన్. వంద రంగులు లోపలికెళ్తే ఒకే బూడిద రంగు బయటికొస్తుంది. ఆ బూడిదని పట్టుకుని అసలు రంగు చెప్పమంటే బ్రహ్మ కూడా చెప్పలేడు. మరి ఈమధ్య కంప్యూటర్‌తో రంగులు నింపిన పాత ఫోటోలు తెగ తిరుగుతున్నాయి కదా? చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, అవి మాత్రం సాక్ష్యం కావు. అది కంప్యూటర్ చేసిన ఊహ. ఫోటో నిజంగా చెప్పగలిగేది రంగుని కాదు, హద్దుల్ని. ఏ రంగు ఎక్కడ ఆగింది, అక్షరాలు ఎంత పెద్దవి, గుర్తు ఎక్కడుంది, ఎక్కడ అతుకేశారు. అదీ తేదీ ఉంటేనే. తేదీ లేని ఫోటో టైమ్‌స్టాంప్ లేని లాగ్ ఫైలు.

నాలుగో సాక్షి, మ్యూజియం. అసలు విమానమే కళ్ళముందుంటే ఇంకేం కావాలి అనుకుంటాం. లండన్ హెండన్‌లో ఉన్న సండర్లాండ్ యుద్ధం తర్వాత ఫ్రెంచి నౌకాదళంలో పనిచేసి 1961లో బ్రిటన్‌కి తిరిగొచ్చింది. జపాను హెచ్8కె ఫ్లయింగ్ బోట్లలో మిగిలింది ఒకే ఒక్కటి. యుద్ధం అయ్యాక అమెరికా పట్టుకెళ్ళింది, 1979లో తిరిగిచ్చింది, 2004 నుంచి కనోయాలో ఉంది. ఇన్నేళ్ళలో వీటికి ఎన్ని చేతులు పడుంటాయో, ఎన్నిసార్లు రంగు పడుంటుందో ఆలోచించండి. ఇప్పుడు మన కంటికి కనిపించేది యుద్ధకాలం రంగు కాదు, బాగుచేసినవాళ్ళ అభిప్రాయం.

ఇక నెట్‌లో దొరికే రంగు కోడ్‌లు, అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 595 నంబర్లు. ఆ స్టాండర్డ్ వచ్చిందే 1956లో! యుద్ధం అయిపోయిన పదకొండేళ్ళకి. యుద్ధకాలపు రంగుకి ఆ నంబరు చెప్పారంటే, ఎవరో తర్వాత పక్కపక్కన పెట్టి "ఇది దగ్గరగా ఉంది" అన్నారని అర్థం. తప్పు కాదు, కానీ పుట్టుకతో వచ్చిన నంబరు కాదు. వీటికన్నా నయం, 1976లో ఆర్‌ఏఎఫ్ మ్యూజియం పేరుమీద వచ్చిన పుస్తకం. అందులో నిజం పెయింటు ముక్కలు అతికించి ఉంటాయి. నా ఆఫీసు మానిటర్లో, ఇంటి ల్యాప్‌టాప్‌లో, ఫోనులో ఒకే కోడ్ మూడు రంగుల్లో కనిపించాక తెర మీద రంగుని నమ్మడం మానేశాను.

ఇదంతా విని మీకు రెండు ఆలోచనలు రావచ్చు. ఈ సరదా ఉన్నవాళ్ళలో ఆ రెండు పార్టీలూ ఉన్నాయి.

మొదటి పార్టీ: "బొమ్మే కదా గురూ, నచ్చిన రంగు పూసేయ్." నాకేం అభ్యంతరం లేదు. గులాబీ రంగు పూసినా మీ విమానం మీ ఇష్టం. కానీ నేను కింద ఇత్తడి రేకు మీద ఒక మనిషి పేరూ ఒక తేదీ చెక్కించాను. ఆ క్షణం నుంచి అది బొమ్మ కాదు, ఒక మాట. ఆ రోజు అందులో 9 మంది ఉన్నారు, ముగ్గురు తిరిగి రాలేదు అని చెప్పే మాట. వాళ్ళ పేరు చెప్పి నాకు తోచింది రాయడం నాకు సిగ్గనిపించింది.

రెండో పార్టీ ఇంకా ప్రమాదం. వీళ్ళు రివెట్లు లెక్కపెట్టే రకం. "పచ్చ రెండు పాళ్ళు ఎక్కువైంది, నీకేం తెలుసు" అని కొత్త కుర్రాళ్ళని ఏడిపిస్తారు. ఎనభై ఏళ్ళ కిందట ఎండలో వెలిసిన రంగుకి రెండు పాళ్ళ లెక్క ఎక్కడ్నుంచి వస్తుందండీ? లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చెప్పడం కూడా అబద్ధమే. ఆ మాటకొస్తే మొదటి పార్టీ అబద్ధం కన్నా ఇదే గట్టిగా నిలుస్తుంది, ఎందుకంటే దీనికి నంబరు ఉంటుంది.

నా మటుకు నాకు, సరైన రంగు అంటే సరిపోలిన రంగు కాదు. దాని వెనక ఉన్న ఆధారం ఏదో చెప్పగలిగిన రంగు. ఏ విమానం, ఏ తేదీ, ఏ ఊరు, ఎవరు చెప్పారు, ఎంత నమ్మకం. ఇవి చెప్పగలిగితే రేపు ఇంకెవరో మంచి సాక్ష్యం తెచ్చి నా తప్పు దిద్దగలరు. చెప్పకపోతే నా తప్పు కూడా ఇంకో నలుగురికి ఆధారం అయి కూర్చుంటుంది.

అందుకని రెండో కేటలీనా కొన్నాను. (ఇంట్లో దాని ధర సంగతి అడక్కండి. మా ఆవిడకి చెప్పిన అంకె కూడా ఒక ఊహే :)) ఈసారి స్టాండు అడుగున ఒక కాగితం అతికించాను. అందులో ఇలా ఉంది. సీరియల్ ఏజే155, తేదీ: రూఢి. పైన రెండు రంగులు: ఉత్తర్వు ప్రకారం. ఎర్ర చుక్క, వెడల్పాటి పసుపు చుట్టు: ఆ తేదీకి అమల్లో ఉన్న నియమం ప్రకారం. కింద తెలుపు: నా అనుమానం, స్కై కూడా అయ్యుండొచ్చు, సరిగ్గా ఈ విమానానికి ఆ వారంలో తీసిన రంగు ఫోటో నాకు దొరకలేదు. ఉప్పు మరకలు, వెలిసిపోవడం: పూర్తిగా నా ఊహ.

గురువుగారు మళ్ళీ వచ్చినప్పుడు విమానం చూడలేదు. దాన్ని తలకిందులు చేసి కాగితం చదివారు. "ఇప్పుడు అప్రూవ్ చేస్తా" అన్నారు. నా పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఆయన నోటి నుంచి అంత తేలిగ్గా ఆ మాట రావడం ఇదే.

ఒక్క విషయం మాత్రం మిగిలిపోయింది. 2004లో మొదటిసారి ఆన్‌సైట్ వెళ్ళే ముందు కాకినాడ వెళ్ళినప్పుడు మామ్మని అడిగాను, "ఆ విమానం రంగేంటి మామ్మా?" అని. పప్పు కలుపుతూ నవ్వింది. "రంగెవడు చూశాడ్రా నాన్నా? ఎర్ర బొట్టు చూసి పరిగెత్తాం. మా అమ్మ నా చెయ్యట్టుకుని లాగేసింది, ఇదిగో ఇక్కడ నొప్పి" అని భుజం చూపించింది. అప్పుడు నాకు నిరాశగా అనిపించింది. నాకు కావల్సింది రంగు కదా! ఇంకేం అడక్కుండా బ్యాగు సర్దుకోడానికి వెళ్ళిపోయాను.

ఇప్పుడనిపిస్తుంది, ఆవిడ చూసింది చూసినట్టు చెప్పింది, చూడనిది చూడలేదంది. ఇన్ని కాగితాలు తిరగేశాక నాకు దొరికిన సాక్షుల్లో అంత నిజాయితీగా మాట్లాడింది ఆవిడొక్కతే. ఎన్ని విమానాలొచ్చాయి, ఎంత కింద నుంచి పోయాయి, ఏ వేళప్పుడు, అడగాల్సినవి వంద ఉన్నాయి. ఆవిడ 2009లో పోయింది.

మీ ఇళ్ళలో 1942 నాటి పెద్దవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేసి అడగండి. రంగు అడక్కపోయినా పర్లేదు. వాళ్ళు ఏం చూశారో అడిగి, ఈ రోజు తేదీ వేసి రాసి పెట్టండి. వాళ్ళు చూడలేదన్నది కూడా రాయండి.